మెడ ఒక్కటే పట్టించుకునే డై గారికి

మహారాజశ్రీ నెక్ సైజింగ్ డై గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. మొన్న తెల్లవారుజామున నా ఎదుటికి వచ్చిన జింక అంతకంటే క్షేమం. దాని ఆయుష్షు పెంచింది తమరే కాబట్టి ముందుగా దాని తరఫున కృతజ్ఞతలు. పేల్చేసిన తూటా ఇత్తడి గొట్టాన్ని, అంటే కేసును, మళ్లీ నింపుకునే ముందు దాని మెడ మాత్రమే బిగించే అచ్చు కదా తమరు. తమరి చేతుల మీదుగా వచ్చిన తూటానే ఆ రోజు రైఫిల్‌లో పెట్టాను.

తూటాను లోపలికి తోసి మూసే బోల్టు ముందుకెళ్లింది, దాని హ్యాండిల్ సగం దిగి ఆగిపోయింది. అరచేత్తో నొక్కాను. ఇంకాస్త గట్టిగా నొక్కాను. జింక తలెత్తి ఈ తతంగమంతా చూసి, తీరిగ్గా పొదల్లోకి నడిచింది. ఇరుక్కున్న ఆ తూటాను బయటికి లాగడానికి పడిన అవస్థ మళ్లీ ఇంకో ఉత్తరమవుతుంది.

తమరి వాగ్దానాలు నాకు కంఠతా వచ్చు. పేలినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) ఆకారానికి వస్తుంది, అలా కుదిరిన ఒంటిని మళ్లీ నలపడం ఎందుకు, మెడ ఒక్కటి బిగిస్తే అందులో బుల్లెట్ (తూటా కొసన ఉండే గుండు) నిలవదా అన్నారు. గురి మెరుగవుతుందన్నారు, ఇత్తడి మన్నుతుందన్నారు, నూనె పూసి తుడిచే జిడ్డు పని తప్పుతుందన్నారు. మొత్తానికి కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా అన్నమాట. బాగానే ఉంది. కానీ తొడిగిన ప్రతిసారీ ఒళ్లు పెరుగుతుంటే ఆ చొక్కా ఏం కావాలి?

అసలు చిక్కంతా అక్కడే ఉంది. పేల్చిన ప్రతిసారీ కేసు ఒళ్లు లావవుతుంది, భుజం, అంటే మెడ కింది వాలు, ముందుకు జరుగుతుంది. మొదట్లో బోల్టు హాయిగా మూసుకుంటుంది. తర్వాత చిన్న బిగువు, అదీ కొన్ని కేసులకే. ఆ తర్వాత ఒకనాడు మొండికేస్తుంది. ఆ రోజు ఎప్పుడొస్తుందో తమరు చెప్పరు. ఇంట్లో ప్రతి తూటానూ ఛాంబర్‌లో పెట్టి చూసుకోమని తమరి భక్తుల సలహా. ఏ డైతో చేసిన తూటాకైనా అది మంచి సలహానే. కానీ ఇంట్లో కష్టంగా పట్టిన తూటా, ఛాంబర్‌లో చిటికెడు దుమ్ము పడితే అడవిలో లోపలికి దూరుతుందా? సందు అన్నదే లేకుండా చేసి, ఆ సందు లేకపోవడాన్నే గొప్పగా అమ్ముకున్నారు కదా!

పోనీ దేనికోసం ఇదంతా? వంద గజాల దగ్గర గ్రూపు (గుళ్లు పడిన రంధ్రాల మధ్య వెడల్పు) పావు అంగుళం తగ్గడానికి! జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు 8 అంగుళాలు. పావు అంగుళం కోసం మొత్తం జింకనే వదులుకోమంటావా? వేటలో తూటాకు ఉండాల్సిన మొదటి గుణం లోపలికి వెళ్లడం. అది కూడా చేతకాని నీకు గురి గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?

ఇత్తడి మన్నిక అంటావా? నా డబ్బాలో పనికిరాకుండా పోయినవాటిలో ఎక్కువ మెడ చీలినవే. నువ్వు ప్రతిసారీ నలిపేది ఆ మెడనే! దానికి మందు అనీలింగ్, అంటే మెడను వేడిచేసి మెత్తబరచడం, నువ్వు కాదు.

క్షమించాలి, కాస్త నోరు జారింది. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

కేసు ఒళ్లంతా బిగించే తమరి అన్నగారు ఫుల్ లెంగ్త్ డై కూడా పుణ్యాత్ముడేం కాదు. నూనె తక్కువైతే కేసును మింగి కూర్చుంటాడు, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పెడతాడు. షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టే బిళ్లకు) తగిలాక ఇంకో పావు చుట్టు తిప్పమనే కరపత్రాన్ని గుడ్డిగా నమ్మితే భుజాన్ని మరీ వెనక్కి తోసేస్తాడు. అప్పుడు పేలిన ప్రతిసారీ కేసు అడుగు దగ్గర సాగి, మెరిసే గీత కనబడి, చివరికి ఆ అడుగు భాగమే తెగి ఊడుతుంది. అది తమరి బిగువుకంటే ప్రమాదం. కాకపోతే ఆయన్ను అదుపులో పెట్టవచ్చు. కంపారేటర్ అనే కొలత పరికరంతో భుజం ఎక్కడుందో కొలిచి, బోల్టు రైఫిల్‌కైతే అంగుళంలో 1 నుంచి 2 వేలవ వంతులు, అంటే 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి జరిపితే చాలు. బోల్టు మూసుకుంటుంది, ఇత్తడీ బతుకుతుంది. తమరిని ఎంత తిప్పి బిగించినా భుజం దాకా రారు. సెమీ ఆటోమేటిక్, లివర్ యాక్షన్ రైఫిళ్ల వాళ్ల ఇళ్లకైతే తమరికి పిలుపే లేదు.

బెంచ్ మీద కాగితానికి గురిపెట్టి కాల్చేవాళ్లు తమరి పాత కోట. అక్కడా ఇప్పుడు చాలామంది అన్నగారి పక్కకే చేరారు. ఈ వార్త తమకు నేను చెప్పాల్సి రావడం బాధగానే ఉంది.

ఎందుకంటే, నిజం చెప్పొద్దూ, తమరితో పని హాయి. చేతికి జిడ్డు అంటదు, తమరిని బిగించే ప్రెస్ హ్యాండిల్ మెత్తగా దిగుతుంది, గంటలో పని అయిపోతుంది. అందుకే తమరిని అమ్మడం లేదు. కాగితాలు చింపడానికి ఉంచుకున్న ఆ ఒక్క రైఫిల్‌కు తమరే కొనసాగండి. వేట తూటాల డబ్బా జోలికి మాత్రం రావద్దు. మిగిలిన కేసులన్నీ ఈ రాత్రికే అన్నగారి దగ్గరికి వెళ్తున్నాయి. ప్రెస్ ఖాళీ చేయండి.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు