వాకీటాకీ కొంటే తుపాను గట్టెక్కినట్టేనా?

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ ఒకే సందేశం మా అపార్టుమెంటు గ్రూపులోకి, కాలేజీ స్నేహితుల గ్రూపులోకి, ఆఖరికి పెళ్లి పిలుపుల కోసం పెట్టుకున్న బంధువుల గ్రూపులోకి కూడా వచ్చి పడుతోంది. "సెల్ టవర్లు కూలినా మీ కుటుంబం క్షేమం" అని మొదలయ్యే ఆ సందేశం ప్రకారం, ఆన్‌లైన్‌లో రెండు వేలకు దొరికే వాకీటాకీతో యాభై కిలోమీటర్ల దాకా మాట్లాడుకోవచ్చు. ఆపదలో లైసెన్సు అక్కర్లేదట. కింద ఇచ్చిన ఫ్రీక్వెన్సీలు ఎక్కించుకుంటే పోలీసులు, అగ్నిమాపక దళం నేరుగా మన మాట వింటారు. మూడు గంటలకోసారి మూడు నిమిషాల పాటు మూడో ఛానల్ వింటూ ఉండాలి. నాకు హామ్ లైసెన్సు (అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియోకు అనుమతి) ఉందని తెలిసిన మిత్రులు సైతం "ఇది నిజమేనా?" అని అడగడానికి బదులు "చూశావా!" అంటూ నాకే పంపిస్తున్నారు కాబట్టి, ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు ఆ సందేశంలోని చిల్లర విషయాలు. పాత టీవీ యాంటెన్నా తగిలిస్తే దూరం రెట్టింపవుతుందన్నది అబద్ధం. అది వేరే ఫ్రీక్వెన్సీలకు, వేరే ఇంపీడెన్సుకు (సెట్టుకూ యాంటెన్నాకూ కుదరవలసిన విద్యుత్ కొలతకు) చేసినది, దాన్ని తగిలిస్తే సెట్టే మాడిపోవచ్చు. ఫోన్‌లో వేసుకోమన్న "వాకీటాకీ యాప్" ఇంటర్నెట్ మీద నడుస్తుంది. టవరు పడిపోతే అదీ పడిపోతుంది. ఈ రెండింటికీ ఇంతకు మించి అక్షరాలు ఖర్చు పెట్టను.

యాభై కిలోమీటర్ల సంగతికి వద్దాం. ఈ చేతి సెట్ల తరంగాలు దాదాపుగా చూపు ఆనినంత మేరకే పోతాయి. సముద్రమంత చదునైన చోట, ఇద్దరు మనుషులు నిలబడి నోటి దగ్గర పట్టుకున్న సెట్ల మధ్య లెక్క ప్రకారం వచ్చేది సుమారు పది కిలోమీటర్లు. ఆ దూరం యాభై కావాలంటే ఇద్దరూ చెరో పన్నెండంతస్తుల మేడ ఎక్కాలి, మధ్యలో ఏదీ అడ్డు రాకూడదు, పైగా ఆ ఎక్కడం తుపాను గాలిలో జరగాలి. విశాఖలో ఎంవీపీ కాలనీలోని మా డాబా మీద నేనూ, మధురవాడలో సొంత డాబా మీద నా మిత్రుడూ ఒక ఆదివారం ఐదు వాట్ల సెట్లతో ప్రయత్నించాం. మధ్యలో కొండ ఉంది. అతను నన్ను ఏడుసార్లు పిలిచాడట. నా చెవికి బుస్సుమనే చప్పుడు తప్ప ఒక్క అక్షరం అందలేదు. చివరికి మా ప్రయోగం విఫలమైందని ఒకరికొకరం చెప్పుకున్నది సెల్‌ఫోన్‌లోనే.

"సునామీలో కాపాడింది వాకీటాకీలే కదా" అని సందేశం అడుగుతుంది. 2004 డిసెంబరు 26న హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు హామ్ ప్రసారాల కోసమే పోర్ట్ బ్లెయిర్‌లో ఉండడం, ఫోన్లు మూగబోయాక అక్కడి కబుర్లు ఆమె సెట్టు ద్వారా ప్రధాన భూభాగానికి చేరడం నిజమే. అయితే అవి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది షార్ట్‌వేవ్ మీద. ఆ తరంగాలు ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే అయనోస్ఫియర్ అనే విద్యుదావేశ పొరను తాకి తిరిగి కిందికి వస్తాయి, మన చేతి సెట్ల తరంగాలు మామూలుగా దాన్ని చీల్చుకుని అంతరిక్షంలోకి పోతాయి. బయట కట్టిన యాంటెన్నాతో, ఏళ్ల అనుభవంతో ఒకరు చేసిన పనిని రెండు వేల రూపాయల సెట్టు ఖాతాలో వేయడం ఆ అనుభవాన్ని అవమానించడమే.

లైసెన్సు అక్కర్లేదన్న మాట అమెరికా నుంచి ఊడిపడింది. అక్కడి అమెచ్యూర్ నియమాలలో ప్రాణాపాయ వేళకు ఇచ్చిన సడలింపును ఎవరో మన దేశానికి అతికించారు. ఇక్కడ 2018 నియమాలు లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలను. సందేశంలో బొమ్మ వేసిన సెట్టు అది కాదు. ఇలాంటి సెట్లను అమ్ముతున్న ఆన్‌లైన్ అంగళ్లకు 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు పంపి, ఆపై మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. "అమ్ముతున్నారు కాబట్టి చట్టబద్ధమే" అనుకునేవారికి ఈ ఒక్క ముక్క చాలు.

ఇప్పుడు నా ఒళ్లు మండించిన ఆ ఫ్రీక్వెన్సీల పట్టిక. అందులో ఒక్కటి అసలైనదే: 156.8 మెగాహెర్ట్జ్, అంటే మెరైన్ (ఓడల, పడవల) సెట్లలోని 16వ ఛానల్. నడిసముద్రంలో ఆపదలో పడ్డ మత్స్యకారుల పిలుపు కోసం ఓడలూ తీర రక్షణ దళమూ దాన్ని నిజంగానే వింటాయి. ద్వారకానగర్‌లో మూడో అంతస్తు మీద నీళ్ల ట్యాంకు కూలిందని చెప్పుకోవడానికి అది లేదు. మిగతావి "పోలీసులవి" అన్నారు. అవి తప్పయితే మీ మాట ఎవరూ వినరు, అంతటితో పోతుంది. ఒప్పయితే జరిగేది అంతకన్నా ఘోరం. పోలీసులు వాడే తరహా సెట్లు చాలావరకు మాటతో పాటు చెవికి వినపడని ఒక టోన్ పంపుతాయి, ఆ టోన్ వస్తేనే అవతలి స్పీకరు తెరుచుకుంటుంది. మీ సెట్టులో ఆ టోన్ లేదు కాబట్టి మీ కేక వాళ్లకు వినపడదు. కానీ ఈ సెట్లు వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని మింగేస్తుంది కాబట్టి, మీరు బటన్ నొక్కి పట్టుకున్నంత సేపూ, దూరాన వరదలో నిలబడి నీరసమైన బ్యాటరీతో పిలుస్తున్న కానిస్టేబుల్ గొంతు కూడా కంట్రోల్ రూముకు చేరదు. మీ మాట వాళ్లకు చేరకుండానే వాళ్ల దారి మూసేస్తారన్నమాట! పైగా బటన్ నొక్కి ఉన్నంత సేపూ మీ సెట్టు వినదు గనుక, "దయచేసి ఛానల్ వదలండి" అని ఎవరు మొత్తుకున్నా మీకు తెలియదు. వాళ్లు డిజిటల్ సెట్లు వాడుతుంటే మీ కేక వాళ్లకు ఒట్టి రొద. ఇక ఈ పట్టికను "పది కుటుంబాలకు పంపండి, పుణ్యం వస్తుంది" అని ముగించిన మహానుభావుడు, ఆ పది కుటుంబాలూ ఒకేసారి బటన్ నొక్కితే వచ్చే పుణ్యాన్ని ఎవరి ఖాతాలో రాయాలో కూడా చెబితే బాగుండేది.

మూడు గంటల సూత్రాన్ని చూసి మొదట నవ్వుకున్నాను. మీ సెట్టులో మూడో ఛానలూ నా సెట్టులో మూడో ఛానలూ ఒకటే కానక్కర్లేదు, అది ఎవరు ఏది ఎక్కించుకుంటే అది. అయినా ఆ మొత్తం సందేశంలో నేను ఒప్పుకోవలసిన మాట అదొక్కటే. ఫలానా వేళకు సెట్టు తెరుస్తామని ముందే అనుకుంటే, రోజంతా బ్యాటరీ కరగకుండా ఉంటుంది, ఇద్దరూ ఒకే క్షణాన చెవి ఒగ్గుతారు. ఆగకుండా మాట్లాడితే గంట పైచిలుకుకే ఖాళీ అయ్యే 1800 ఎంఏహెచ్ బ్యాటరీ, అలా పొదుపుగా వాడితే రోజుల తరబడి వస్తుంది. మా అపార్టుమెంటులో 446 సెట్లు నాలుగు ఉన్నాయి. వీధి మలుపు దాటితే వినపడవు గానీ, కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు ఐదో అంతస్తు నుంచి వాచ్‌మన్‌కు స్పష్టంగా వినిపిస్తాయి. వాటికి ఇప్పుడు వేళలు పెట్టుకున్నాం, ఆ సందేశం చలవే.

కాబట్టి దాన్ని పంపి తీరాలనుకునే మిత్రులు ఆ ఫ్రీక్వెన్సీల పట్టికనూ, యాభై కిలోమీటర్లనూ, లైసెన్సు అక్కర్లేదన్న వాక్యాన్నీ, యాంటెన్నా, యాప్ చిట్కాలనూ తీసేసి పంపండి. మిగిలిన ఆ ఒక్క పంక్తిని నేనే మరో పదిమందికి పంపుతాను.