ఆర్‌ఏసీ బెర్తు మీద ఇద్దరు

నవంబరు నెలాఖరుకి అమెరికాలో మన ఇళ్లలోనూ ‘ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్’ పెట్టుకుని నవ్వుకుంటాం. జాన్ హ్యూస్ 1987లో తీసిన సినిమా. థాంక్స్‌గివింగ్ పండక్కి రెండు రోజుల ముందు న్యూయార్క్‌లో బయలుదేరిన పెద్దమనిషి షికాగోలో ఇల్లు చేరడానికి పడే పాట్లు. మంచు పడి విమానం విచిటాలో దిగుతుంది, రైలింజను మొరాయిస్తుంది, అద్దెకారు తగలబడుతుంది. ఇన్ని జరిగినా ‘ఇది మరీ చోద్యం’ అనిపించదు. ప్రతి కష్టం వెనకా ఒక చిన్న తప్పుంది మరి. కారు తగలబడింది కిటికీలోంచి విసిరిన సిగరెట్టు మళ్లీ వెనక సీట్లోకే వచ్చి పడ్డందుకు. కార్లు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర అన్ని తిట్లు తిట్టినవాడు అద్దె ఒప్పందం కాగితం అప్పటికే పారేసుకున్నాడు, ఇక ఏం వాదిస్తాడు?

మన సినిమాల్లో ఊరెళ్లే కామెడీ అంటే రైలు వెంట పరుగు. 2013లో మేర్లపాక గాంధీ ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’లో ఆ పరుగు బాగానే పెట్టించారు. (ఆ బండి కర్నూలు, కడపల మీదుగా పోతుంది, నెల్లూరు మొహం చూడదు. మన నెల్లూరు వైపుకి నారాయణాద్రి, సింహపురి.) కానీ మన కథకులు రైలు దొరికితే గండం గడిచినట్టే రాస్తారు. మా లెక్కలో గండం అక్కడే మొదలు. సికింద్రాబాద్‌లో ఎక్కాల్సినవాడు ఎక్కకపోతే టీటీఈ కొంతసేపు చూసి, ఆ బెర్తు ఆర్‌ఏసీ వాళ్లకు, అంటే ఒకే బెర్తు మీద ఇద్దరేసి కూర్చున్నవాళ్లకు, రాసేస్తాడు. హీరో కారేసుకుని నల్గొండలో బండి అందుకుని, ఆయాసపడుతూ లోపలికొస్తే తన లోయర్ బెర్తు మీద ఎవరో దుప్పటి ముసుగేసి గురక పెడుతుంటారు. టికెట్ కన్ఫర్మే, పడుకోను చోటు లేదు. ఈ సీను ఎవరైనా తీశారా?

సంక్రాంతికి ఊరెళ్లే బండికి అసలు టికెట్ దొరకడమే కరువు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంటే భోగి టికెట్ల వేట కూడా నవంబరు మధ్యలోనే, ఉదయం 8 గంటలకు. వెయిటింగ్‌లోనే మిగిలిపోయిన ఈ-టికెట్ చార్ట్ వేశాక దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. ఆర్‌ఏసీ వాడికి మాత్రం రైలెక్కే హక్కుంటుంది, కూర్చునే హక్కుంటుంది, నిద్రపోయే హక్కే ఉండదు.

హ్యూస్ సినిమాలో ముక్కూమొహం తెలియని ఇద్దరు లాడ్జిలో ఒకే మంచం మీద పడుకోవాల్సొస్తుంది. మనకు ఆ మంచం ఆర్‌ఏసీ సైడ్ లోయర్. రెండు సీట్ల వీపులు దించి కలిపితే పడక, ఎత్తితే ఎదురెదురు కుర్చీలు. ఒకడు నడుం వాల్చాలంటే రెండోవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఆ రెండు పలకల అతుకు సరిగ్గా నడుం కిందే ఒత్తుతుంది, జనవరి చలిగాలి కిటికీ సందులోంచి చెవిలో దూరుతుంది, సైడ్ అప్పర్ వాడి కాళ్లు నెత్తి మీద ఊగుతుంటాయి. ఎదుట కూర్చునేవాడు అక్కడ షవర్ కర్టెన్ రింగులమ్మే మనిషి. ఇక్కడ కావలి వైపు రొయ్యల మేత ఏజెంటును పెడితే చాలు. 40 కౌంటు అంటే కిలోకి 40 రొయ్యలని మొదలుపెట్టి, తెల్లమచ్చ తెగులు ఏ చెరువుకి ఎట్టా పాకిందో తెల్లార్లూ చెప్పగలడు. పైగా మంచివాడై ఉండాలి. ఇంట్లో కట్టిచ్చిన పులిహోరలో సగం మనకే పెట్టాలి. వాణ్ని ఉత్త విసుగు మనిషిగా రాస్తే సినిమా అక్కడే చచ్చిపోతుంది.

దిగేచోటు కూడా కథకు కలిసొస్తుంది. సాయంత్రం హైదరాబాద్‌లో కదిలే బండి ఒంగోలు చేరేది అర్ధరాత్రి దాటాకే. అక్కడ కన్ను మూతపడితే తర్వాత కావలి, నెల్లూరు, గూడూరు. హీరో వాళ్లమ్మ ఒంగోలు స్టేషన్ బయట ఆటో మాట్లాడి పెట్టుకుని కూర్చుంటుంది. కొడుకు గూడూరులో ఉలిక్కిపడి లేచి, ఎదుటి మనిషి మీద పడతాడు.

“ఒంగోల్లో లేపమన్నాను కదండీ!”

“లేపినా అబయా. నువ్వే లెయ్యలా. నీ కోసం నేను గూడా కావల్లో దిగలా.”