వరుణుడి ఉచిత క్యూరింగ్ పథకం

స్లాబు మీద వాన పడితే శుభం. ఆషాఢం శూన్యమాసమని ఆపిన స్లాబులన్నీ నడివానాకాలం శ్రావణంలోకి జరపడం వెనకున్న శాస్త్రం ఇదే. క్యూరింగంటూ వారం పాటు పైపు పట్టుకు తడపాల్సిన పనిని వరుణుడు స్లాబు పోసిన రోజే, మోటారు కరెంటు ఖర్చు లేకుండా, మొదలుపెడతాడు. కాంక్రీటు ఇంకా గట్టిపడలేదన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

ఏర్పాట్లలో మొదటిది కూలీలకు బిర్యానీ. టార్పాలిన్ల సంగతి చినుకు పడ్డాక చూసుకోవచ్చు.

నీళ్ల లెక్క ఇంకా ముచ్చటైనది. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే బస్తాకు పడే ఇసుక సుమారు 80 కిలోలు; దానికి నూటికి 5 పాళ్లు తడి ఉంటే 4 లీటర్లు చెప్పకుండానే మాలు కలిపే మిల్లర్లోకి దిగినట్టు. పోయాల్సింది 21. మేస్త్రీ మాత్రం "జారుగా ఉంటేనే కడ్డీల మధ్యకి దిగుద్ది సార్" అని ఇంకో బకెట్ కుమ్మరిస్తాడు. తడి ఇసుక ఉబ్బుతుంది కనుక తట్ట నిండినట్టే కనిపిస్తుంది, ఇసుక మాత్రం తక్కువే పడుతుంది.

ఇంతలో వాన. సిమెంటు పాలు తెల్లగా అంచుల్లోంచి కారిపోతాయి, కంకర పళ్లికిలిస్తుంది. దీనికి మన ఆస్థాన వైద్యం: నిలిచిన నీళ్ల మీద పొడి సిమెంటు చల్లి చెక్కతో రుద్దడం. మొహానికి పౌడరద్దినట్టు నున్నగా వస్తుంది. తర్వాత ఆ పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

నీళ్లను కలపకుండా పక్కకు తోడేసి, పాలు పోయిన పైపొర గీకేసి, మిగిలింది బిగుసుకోకముందే కొత్త మాలు వేసేవాళ్లు చాదస్తులు. వాళ్లే కర్రలు కట్టి టార్పాలిన్ పట్టాను అడుగున్నర ఎత్తులో, నీళ్లు స్లాబు బయటికి జారేలా వాలుగా కడతారు. మామూలు జనం నేరుగా పరిచేస్తారు. మధ్యలో నీళ్లు నిలిచి, ఆ బరువుకు స్లాబులో పళ్లెమంత గుంట పడుతుంది. నానిన నేలలో, సెంట్రింగును (స్లాబు కింది అచ్చును) మోసే జాకీల కింద పలకలూ చాదస్తమే. సెంట్రింగ్ అంగుళం దిగితే స్లాబూ దిగుతుంది, అంతేగా.

పని ఆపాల్సొస్తే బీము దగ్గర కాకుండా స్పాను (బీముకీ బీముకీ మధ్య దూరం) నడిమి మూడో వంతులో, నిలువుగా చెక్క అడ్డం పెట్టి ఆపాలట. మళ్లీ మొదలుపెట్టేముందు ఆ మొహాన్ని వైరు బ్రష్షుతో గీకి, కడిగి, సిమెంటు పాలు పూయాలట. మనవాళ్లు వాన ఎక్కడ ఆపితే అక్కడే ఆపుతారు.

మర్నాడు ఎండ చుర్రుమంటుంది. మామూలు సిమెంటైతే 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అయితే 10 రోజులు తడపండి అంటే ఇంటాయన నవ్వేస్తాడు: "నిన్న అంత వాన పడింది కదండీ!"