ఆటలమ్మ హాస్టల్ నుంచి బస్సెక్కి వస్తే

మార్చి మొదటివారం. నెల్లూరులో ఇంటర్ చదివే మా బంధువుల అబ్బాయికి రాత్రి జ్వరం తగిలింది. తెల్లారేసరికి వీపు మీద నాలుగు నీటి పొక్కులు. హాస్టల్‌వాళ్లు ఇంటికి ఫోన్ చేసి, "మీవాడికి అమ్మవారు పోసినట్టుంది, వచ్చి తీసుకెళ్లండి" అన్నారు. వాళ్ల నాన్న పరుగున వచ్చి వాణ్ని ఉదయగిరి బస్సెక్కించాడు. బస్సు నిండా జనం. మూడు గంటల ప్రయాణం. ఇంట్లో వాడి అక్క ఉంది. ఎనిమిదో నెల, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ పిల్లకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో కన్నతల్లికే గుర్తులేదు.

ఆటలమ్మ వస్తే ఏం చెయ్యాలో మన ఊళ్లలో ఎవరూ నేర్పక్కర్లేదు. గుమ్మానికి వేపరొట్ట కడతారు. ఇంట్లో తాలింపు వెయ్యరు, నీసు వండరు. పక్కింటివాళ్లు గడప తొక్కరు, ఆ ఇంటివాళ్లు పేరంటానికి పోరు. పొక్కులు మాడాక వేపాకు, పసుపు వేసిన నీళ్లతో తలకు పోస్తారు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. రోగిని విడిగా ఉంచడం, రాకపోకలు ఆపడం, పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఆగడం... డాక్టరు చెప్పేదీ దాదాపు ఇదే. వేపరొట్ట కట్టిన గుమ్మం ఒక బోర్డు. చదువురానివాడికీ అర్థమయ్యే బోర్డు.

చిక్కల్లా ఒక్కటే, ఆ బోర్డు ఆలస్యంగా పడుతుంది. ఒంటి మీద పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ పక్కవాళ్లకు అంటుతుంది. వేపకొమ్మ విరిచేసరికే పక్కమంచం కుర్రాడికి అంటుకుని ఉంటుంది. అంటిన 10 నుంచి 21 రోజుల్లో అతనికీ బయటపడుతుంది. ఒకే ఇంట్లో ఉండి, ఇదివరకు రానివాళ్లు పదిమంది ఉంటే తొమ్మిదిమందికి వచ్చేంత వేగం దీనిది. ఒక గదిలో ఎనిమిది మంచాలు వేసే హాస్టళ్లలో, ఫిబ్రవరి, మార్చి ఎండలు ముదిరే వేళ, సరిగ్గా పరీక్షల ముందు ఇది గది తర్వాత గది తిరుగుతుంది.

"చిన్నప్పుడే వచ్చిపోతే మంచిది, మళ్లీ రాదు" అంటారు మన పెద్దవాళ్లు. ఆ మాటలో చాలావరకు నిజముంది. ఒకసారి వచ్చినవాళ్లకు రెండోసారి రావడం అరుదు. పదేళ్లలోపు పిల్లలకు వస్తే వారం పదిరోజుల దురదతో పోతుంది. పెద్దవాళ్లకు వస్తే మాత్రం ఊపిరితిత్తుల దాకా పోయి న్యుమోనియా కావచ్చు. అయితే ఆ సామెతకు ఒక షరతుంది, చిన్నప్పుడు అందరికీ రావాలి. చలిదేశాల్లో పూర్వం అలాగే వచ్చేది, బడి వదిలేలోపు దాదాపు అందరికీ అయిపోయేది. మనలాంటి వేడి దేశాల్లో అలా కాదు. ఇక్కడ చాలామంది దీని బారిన పడకుండానే పదిహేను, ఇరవై ఏళ్లు దాటేస్తారు. పల్లెలో విడివిడి ఇళ్లలో పెరిగిన పిల్లలు మొదటిసారి గుంపులో పడేది ఇంటర్‌లోనే. కనిగిరి నుంచి ఒంగోలుకు, ఉదయగిరి నుంచి నెల్లూరుకు వచ్చే పదహారేళ్ల పిల్లలు మంచాలూ పుస్తకాలతో పాటు ఆ లోటునూ మోసుకొస్తారు.

ఇక్కడే ఇంకో పొరపాటు. "నా చేతి మీద టీకా మచ్చ ఉందిగా" అనే మాట ఇప్పటికీ వింటుంటాను. పెద్ద వయసువాళ్ల చేతి మీద ఉండేది మశూచి టీకా మచ్చ. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో, ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించింది 1980లో. తర్వాత పుట్టినవాళ్ల భుజం మీద ఉండేది క్షయకు వేసిన బీసీజీ మచ్చ. రెంటికీ ఆటలమ్మతో సంబంధం లేదు. అన్ని పొక్కుల జబ్బుల్నీ 'అమ్మవారు' అనే ఒక్క పేరు కింద పెట్టుకున్నందుకు వచ్చిన గందరగోళమిది.

ఆటలమ్మకు వేరే టీకా ఉంది. 1974లో జపాన్‌లో మిచియాకి తకహాషి తయారు చేశారు. ఆయన కొడుకు ఈ జబ్బుతో పడ్డ బాధే ఆయన్ను ఆ పనికి పురిగొల్పింది. అమెరికా 1995 నుంచి పిల్లలందరికీ వేస్తోంది. అంతకుముందు అక్కడ ఏటా 40 లక్షల మందికి ఇది వచ్చేది, 100 నుంచి 150 మంది చనిపోయేవారు. 'పిల్లల జబ్బేగా' అనుకునేవాళ్లు ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. ఒక డోసు పడ్డవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా అసలు జబ్బే రాదు, రెండు పడితే తొంభై దాటుతుంది. "టీకా వేయించినా వచ్చిందండీ" అని నిష్ఠూరమాడేవాళ్లకు వచ్చింది సాధారణంగా యాభైలోపు పొక్కులు, ఓ మోస్తరు జ్వరం. వేయించకపోతే ఆ లెక్క వందల్లో ఉండేది.

మన సార్వత్రిక టీకాల జాబితాలో ఇది లేదు. బుధవారం, శనివారం ఏఎన్ఎం దగ్గర దొరకదు. పిల్లల డాక్టర్ల సంఘం రెండు డోసులు వేయించమంటుంది, ప్రైవేటు ఆస్పత్రిలో ఒక్కోటి రెండు వేల రూపాయల అటూ ఇటూ. అంటే నెల్లూరులో కలిగినవాళ్లుండే మాగుంట లేఅవుట్‌లో పిల్లాడికి పడుతుంది, చీమకుర్తి క్వారీలో రాళ్లు కొట్టేవాడి పిల్లాడికి పడదు. ఇది కేవలం పేదాగొప్పా తేడా అని సరిపెట్టుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. పిల్లల్లో కొంతమందికే టీకా పడితే ఊళ్లో జబ్బు తిరగడం కాస్త నెమ్మదిస్తుంది, ఆగదు. టీకా పడనివాళ్లకు చిన్నప్పుడు తగిలే అవకాశం తగ్గి, పెద్దయ్యాక తగులుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మొదలుపెడితే నూటికి ఎనభైమంది పిల్లలకు తగ్గకుండా వెయ్యగలిగితేనే మొదలుపెట్టమంటుంది. డబ్బున్న ఇంట్లో పడ్డ టీకా, లేని ఇంటి పిల్లాడి జబ్బును పదిహేనేళ్లు వాయిదా వేసి, ముదిరిన రూపంలో చేతికిస్తుంది. ఎవరి తప్పూ లేకుండానే.

ప్రభుత్వం వైపు నుంచీ చూడాలి. ఉన్న డబ్బుతో ముందు న్యుమోనియా, తట్టు టీకాలు అందరికీ అందించాలనుకోవడం తప్పు కాదు, ఆ జబ్బులు చంపేంతమందిని ఆటలమ్మ చంపదు. బ్రిటన్ లాంటి దేశమే చాలాకాలం తటపటాయించి, 2026 జనవరిలో గానీ పిల్లలందరికీ మొదలుపెట్టలేదు. వాళ్ల భయం సర్పి గురించి. ఆటలమ్మ తగ్గాక వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్లలో నిద్రపోయి, కొందరికి ముసలితనంలో సర్పిగా లేస్తుంది. (తలా తోకా కలిస్తే మనిషి చస్తాడని మా అవ్వ హడలగొట్టేది. పాము కాదు అవ్వా, నీ చిన్ననాటి ఆటలమ్మే అంటే నమ్మేది కాదు.) పిల్లల్లో జబ్బు తిరుగుతుంటే పెద్దల రోగనిరోధక శక్తికి అప్పుడప్పుడూ పదును పడుతుందని, అది ఆగితే సర్పి పెరుగుతుందని వాళ్ల అనుమానం. అమెరికా దశాబ్దాల అనుభవం చూశాక ఆ భయం సడలింది.

అందుకని నేననేది, పసిపిల్లల నుంచి కాదు, ఈ చివర నుంచి మొదలుపెడదాం. పెద్దపిల్లలకు వేస్తే జబ్బును వెనక్కి నెట్టడం ఉండదు, నెట్టుకొచ్చిన చోటే అడ్డుకట్ట పడుతుంది. పదమూడేళ్లు దాటినవాళ్లకు రెండు డోసుల మధ్య నాలుగు నుంచి ఎనిమిది వారాలు చాలు. జూన్‌లో హాస్టల్లో చేరేటప్పుడు ఒకటి, ఆగస్టులోపు ఇంకొకటి. వచ్చిందో లేదో గుర్తులేనివాళ్లకూ వెయ్యొచ్చు, ఇదివరకు వచ్చిపోయినా హాని లేదు. నర్సింగ్ విద్యార్థులకు, పెళ్లికి ముందు ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకా కాబట్టి గర్భిణికి వెయ్యకూడదు, నెల తప్పాక గుర్తొస్తే లాభం లేదు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత లోపు తల్లికి పొక్కులు లేస్తే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు.

ఉదయగిరి ఇంటి సంగతి చెప్పాలిగా. అబ్బాయి గడప తొక్కకముందే వాళ్ల పెద్దమ్మ, "ముందు పిల్లను ఇక్కణ్నుంచి పంపించండి అబ్బయా" అని అక్కను ఆత్మకూరు తోలించింది. మర్నాడు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయిస్తే ఆమెకు ఎప్పుడో వచ్చిపోయిందని తేలింది. నాలుగు పొక్కులతో వచ్చి, చెమటకాయలు అనుకుని వదిలేసి ఉంటారు. అబ్బాయికి మాత్రం "అమ్మవారికి మందేంటి" అని మూడురోజులు ఏమీ ఇవ్వలేదు. ఈ వయసులో అసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వాడు మూడు పరీక్షలు పోగొట్టుకున్నాడు, సప్లిమెంటరీ రాసుకున్నాడు.

జూన్‌లో వాడి తమ్ముణ్ని అదే హాస్టల్లో చేర్చడానికి నేనూ వెంట వెళ్లాను. దరఖాస్తు నాలుగు పేజీలు. కులం, ఆధార్, బ్లడ్ గ్రూపు, తండ్రి ఆదాయం, రెండు ఫోన్ నంబర్లు అడిగారు. ఆటలమ్మ వచ్చిందా, టీకా పడిందా అన్న గడి ఎక్కడుందా అని రెండుసార్లు తిరగేశాను. లేదు. ఫారం వెనక ఖాళీలో పెన్నుతో రాసిచ్చాను. కౌంటర్లో కుర్రాడు చదివి, "ఇదెందుకు సార్?" అన్నాడు.