మహారాజశ్రీ ఎలుగుబంటి ట్యాగు గారికి

మహారాజశ్రీ అలాస్కా బ్రౌన్ బేర్ లాకింగ్ ట్యాగు గారికి,

సియాటిల్ నుంచి ఒక ఇల్లాలు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా అలాస్కా ఫిష్ అండ్ గేమ్ అనే వేట శాఖ వారి సొరుగులో క్షేమంగా ఉన్నారనీ, ఇంకొన్నేళ్లు అక్కడే ఉంటారనీ ఆశిస్తున్నాను.

తమరిని ఫొటోలో చూశాను. నంబరు వేసిన చిన్న బిళ్ల. బయటి రాష్ట్రాలవాళ్లకు మీ వెల 1000 డాలర్లు. దానికి ముందు 160 డాలర్లు పెట్టి వేట లైసెన్సు కొనుక్కుంటేనే మీ దర్శనం. ఎలుగుబంటి దొరికితే మిమ్మల్ని దానికి తగిలించి బిగించాలి. దొరక్కపోతే డ్రాయింగ్ రూములో పెట్టుకుని చూసుకోవాలి.

ప్రతి మగవాడిలోనూ ఒక వేటగాడు నిద్రపోతుంటాడట. మా ఇంట్లోవాడు ఈ మధ్యే లేచాడు. లేచి బల్లెం పట్టుకోలేదు, ఎక్సెల్ షీటు తెరిచాడు. అందులో ఒక్క సాక్సులకే విడిగా ఒక ట్యాబు ఉంది. "ఫోనుండదు, మీటింగులుండవు, రూల్సుండవు. మనిషి, అడవి, అంతే" అంటాడు మా ఆయన. ఆ రూల్సు లేని చోటికి వెళ్లడానికి రూల్సు పుస్తకం ప్రింటు తీసి, రంగురంగుల పెన్నులతో గీతలు గీస్తూ రాత్రి పన్నెండింటిదాకా చదువుతున్నాడు. ఇంజనీరింగు కూడా ఇంత శ్రద్ధగా చదివి ఉండడని మా అత్తగారి అనుమానం.

మొదటి చిక్కు తేదీలది. మావారు ఎంచుకున్నది అలాస్కా పెనిన్సులా. అక్కడ సరి సంవత్సరాల్లో మే 10 నుంచి 25 వరకు వసంతకాలపు వేట, బేసి సంవత్సరాల్లో అయితే అక్టోబరులో. ఒక మనిషికి నాలుగేళ్లలో ఒకటే ఎలుగుబంటి. మూఢాలూ శూన్యమాసాలూ తప్పించి మా పెళ్లికి ముహూర్తం పెట్టిన పంతులుగారు కూడా ఇన్ని మెలికలు పెట్టలేదు. పోనీ అక్టోబరులో వెళ్లకూడదా అంటే, వసంతంలో బొచ్చు దట్టంగా ఉంటుందట. గుహలోంచి ముందు మగవే బయటికొస్తాయట. కొన్నాళ్లు పోతే చెట్లకూ రాళ్లకూ ఒళ్లు రుద్దుకుని బొచ్చు పాడుచేసుకుంటాయట. అంటే నెలల తరబడి తిండీ నీళ్లూ లేకుండా పడుకుని, లేచి నాలుగు గడ్డిపరకలు నములుదామని వచ్చిన ప్రాణి ఒళ్లు గోక్కునేలోపే మీరు వెళ్లాలి. చూశారా, మీ తొందరంతా బొచ్చు గురించే.

రెండో చిక్కు దగ్గరే మా కుటుంబంలో గొడవైంది. బ్రౌన్ బేర్ వేటకొచ్చే బయటి రాష్ట్రంవాడికి లైసెన్సున్న గైడు ఉండాలి. లేదా అలాస్కాలో స్థిరపడిన, 19 ఏళ్లు నిండిన దగ్గరి చుట్టం తోడు రావాలి. గైడు రేట్లు విచారిస్తే పాతిక వేల డాలర్లకు ఎవరూ దిగలేదు. అప్పుడు మావారికి అలాస్కాలోనే యాంకరేజ్‌లో ఉన్న మా అన్నయ్య గుర్తొచ్చాడు. పదేళ్లలో పండక్కి ఒక ఫోన్ కూడా చెయ్యని మనిషి, "బావగారూ, బాగున్నారా" అంటూ గంటసేపు మాట్లాడాడు. బావమరిది బతుకు కోరతాడని ఊరికే అన్నారా, ఎలుగుబంటి మీద పడితే అడ్డం నిలబడేది ఆయనే అని నాకు జ్ఞానబోధ కూడా చేశాడు.

తర్వాత మీ వాళ్లు ఒప్పుకునే చుట్టాల జాబితా చూశాం. బావమరిది చెల్లుతాడు. మామగారు చెల్లుతారు, అల్లుడు చెల్లుతాడు, అత్తగారు కూడా చెల్లుతారు. బాబాయి చెల్లడు, మేనమామ చెల్లడు, కజిన్ అసలే చెల్లడు. మా అన్నయ్యేమో మా పెదనాన్న కొడుకు. అతనూ నేనూ ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కొట్టుకుంటూ పెరిగాం. నా పెళ్లిలో బావమరిది లాంఛనాలన్నీ అతనికే జరిగాయి. అప్పుడు బావమరిదిగా బట్టలు పెట్టించుకున్న పెద్దమనిషిని ఇప్పుడు అలాస్కా ప్రభుత్వం కజిన్ అంటోంది. ఉమ్మడి కుటుంబాన్ని మా తాతగారి ఆస్తి పంపకాలే చీల్చలేకపోయాయి, తమరు ఒక్క పేజీతో చీల్చేశారు. ఇక మిగిలిన దారి మా అత్తగారిని యాంకరేజ్‌కి కాపురం పంపడం. ఆవిడ ఒప్పుకోలేదు. కాబట్టి మళ్లీ గైడే గతి.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. అక్కడ ఎలుగుబంట్లు కొబ్బరి తోటల్లోకీ జీడి తోటల్లోకీ వాటంతటవే వస్తాయి. లైసెన్సులేదు, గైడు లేడు, సరి బేసి లేవు. తోటకి వెళ్లేవాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. అది దగ్గరికి రాకపోతే ఆ రోజు బాగా గడిచినట్టు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం నేరం కూడా. ఈయన ప్లాను విని మా అమ్మ ఫోనులో ఒకటే మాట అడిగింది: "డబ్బులిచ్చి మరీ ఎలుగ్గొడ్డు దగ్గరికి ఎల్తారేటే అల్లుడుగారు?" ఆ ప్రశ్న తమరికే పంపుతున్నాను. నా దగ్గర జవాబు లేదు.

సామాను సంగతి చెప్పాలి. విమానంలో తుపాకీ పట్టుకెళ్లొచ్చట. గుళ్లు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్లో చెప్పి చెకిన్ చేస్తే చాలు. కానీ ఎలుగుబంటి మీదికొస్తే దాని మొహాన కొట్టే కారపు స్ప్రే, అదే బేర్ స్ప్రే మాత్రం చేతి బ్యాగులోనూ కుదరదు, చెకిన్‌లోనూ కుదరదు. టీ కాచుకునే స్టవ్వు గ్యాసూ కుదరదు. చంపే సాధనం చక్కగా ఎక్కుతుంది, చంపకుండా తరిమే సాధనం గేటు దగ్గరే ఆగిపోతుంది. భద్రత కోసమే అయ్యుండొచ్చు, కాదనను. కానీ తమరి వ్యవహారం మొత్తం ఈ ఒక్క సూట్‌కేసులో పట్టేసిందనిపించింది.

ఆ పైన చిన్న విమానం. అందులో మనిషినీ మూటనూ కలిపి తూకం వేస్తారు. మావారు సామాను తగ్గించాలని టూత్‌బ్రష్ పిడి సగం కోశారు. సొంత బొజ్జ గురించి ఎక్సెల్‌లో ప్రస్తావనే లేదు. విమానం దిగిన రోజు కాల్చకూడదు. మర్నాడు తెల్లవారుజామున మూడు దాటాకే వేట మొదలుపెట్టాలి. పైనుంచి చూసి, పక్కనే దిగి, టపీమని కాల్చి వచ్చేస్తారేమోనని ఆ జాగ్రత్త. నిజం చెబుతున్నా, ఈ రూలు చదివాక మీ మీద కాస్త గౌరవం కలిగింది. పిల్లలున్న తల్లిని కొట్టకూడదన్నారు, అదీ మంచిదే. మొత్తం మీద ఈ తతంగంలో సిగ్గూ మర్యాదా తెలిసింది మీ రూల్సుకే. మావారు తిట్టుకుంటున్నదీ వాటినే.

తర్వాత వేట అనే పని ఎలా ఉంటుందో వీడియోల్లో నేనూ చూశాను. గుట్ట మీద కూర్చుని రోజంతా బైనాక్యులర్స్‌లో చూడటం. వాన, గాలి, మళ్లీ వాన. దీనికి మా బాల్కనీ చాలదా?

అదే పెనిన్సులాలో కట్మై నేషనల్ పార్కు ఉంది, మీకు పొరుగే. అక్కడ బ్రూక్స్ నది జలపాతం దగ్గర ఎలుగుబంట్లు సాల్మన్ చేపలు పట్టుకుంటుంటే కెమెరాలు లైవ్ చూపిస్తాయి. 2014 నుంచి ప్రతి ఏడాదీ శరత్కాలంలో ఏది ఎక్కువ ఒళ్లు చేసిందో జనం ఓట్లేసి తేలుస్తారు. మావారూ వేస్తారు. 480 నంబరు ఓటిస్ అంటే ఆయనకి ప్రాణం. ముసలిదైపోయింది, పళ్లు పోయాయి, పాపం ఎలా తింటుందోనని ఆఫీసు కాల్ మ్యూట్ చేసి బాధపడ్డారు. ఆ పార్కులో వేట నిషేధం. దాన్ని ఆనుకునే ఉన్న ప్రిజర్వులో అయితే ట్యాగు పట్టుకుని వెళ్లొచ్చు. ఆ గీత ఎక్కడుందో ఎలుగుబంటికి ఎవరు చెప్పాలి? గీతకి ఇటుంటే దానికి ఓటు, అటు దాటితే తమరు. "ఓటిస్ లాంటిదే కనబడితే కాలుస్తారా?" అని అడిగాను. "అది వేరే" అన్నారు. ఎలా వేరో ఎక్సెల్‌లో ఏ ట్యాబులోనూ లేదు, నేను వెతికాను.

చచ్చాక కూడా దాన్ని వదలరు కదా మీరు. 30 రోజుల్లో చర్మం, పుర్రె పట్టుకెళ్లి ఆఫీసులో చూపించి సీలు వేయించుకోవాలి. వాళ్లు ఒక పన్ను పీకి, అందులో వలయాలు లెక్కపెట్టి వయసు తేలుస్తారు. ఆ లెక్కలతోనే వచ్చే ఏళ్ల వేట నిర్ణయిస్తారట కాబట్టి దానికీ పేరు పెట్టను. కానీ వేటగాళ్లు మళ్లీ విడిగా ఒక కొలత కొలుచుకుంటారు: పుర్రె పొడవు, వెడల్పు కలిపితే ఎంత అని. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ అనే వేటగాళ్ల క్లబ్బు రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే ఆ కొలతే ముఖ్యం.

మరి మాంసం? బ్రౌన్ బేర్ మాంసం చాలా చోట్ల తెచ్చుకోనక్కర్లేదు, చర్మం, పుర్రె తెస్తే సరిపోతుంది. నల్ల ఎలుగుబంటి అయితే వసంతంలో మాంసం తేవాల్సిందే. మా వంటింటి తరఫున ఇది శుభవార్తే. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబమంతా కలిసి, 45 రోజులు ఫ్రీజర్లో ఉన్న నల్ల ఎలుగుబంటి మాంసంతో కబాబులు చేసుకున్నారు. సరిగా ఉడకలేదు. ఆరుగురికి ట్రికినెల్లా పురుగుల జబ్బు చేసింది. వాళ్లలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, దాంతో కలిపి వండిన కూరగాయలే తిన్నారు. ఇది విన్నప్పటి నుంచి మా అత్తగారు ఫ్రిజ్‌లో తన అర విడిగా పెట్టుకున్నారు, ఎలుగుబంటి ఇంకా అలాస్కాలోనే ఉన్నా సరే.

కాబట్టి ట్యాగు గారూ, తిండికి కాదు, ప్రాణభయానికి కాదు, పంట కాపాడుకోవడానికీ కాదు. యాభై కిలోల పచ్చి తోలుకీ ఒక పుర్రెకీ కలిపి ఇంటి మీద రెండో తాకట్టంత ఖర్చు. గైడు సగం డబ్బు అడ్వాన్సు అడుగుతున్నాడు. అది కట్టేలోపు తమరు రెండు విషయాలు తెలియజేయాలి. ఆ తోలు మా హాల్లో ఏ గోడకి, ఎవరి ఫొటో తీసేసి పెట్టాలి? మా పెదనాన్న కొడుకు మా ఆయనకి ఏమవుతాడు?

ఇట్లు,
మే 10 నుంచి 25 దాకా ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో స్కూల్లో దింపి తీసుకురావలసిన మనిషి