లైట్లు వేశాక వచ్చే దొరగారికి

మహారాజశ్రీ పోస్ట్ క్రెడిట్ సన్నివేశం గారి సముఖమునకు హైదరాబాదు నుండి ఒక సామాన్య ప్రేక్షకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి. సూపర్ హీరో సినిమాలంటే జనానికి మొహం మొత్తిందన్న మాట కొన్నేళ్లుగా అమెరికా స్టూడియో అధిపతుల నుంచి అమీర్‌పేట హాస్టల్ కుర్రాళ్ల దాకా అందరి నోటా వినిపిస్తోంది. నేరం ఎవరిదన్న విచారణలో ఒకరు గ్రాఫిక్స్‌ను, ఒకరు లెక్కలేనన్ని సమాంతర లోకాల మల్టీవర్స్‌ను, ఇంకొకరు ఓటీటీని బోనెక్కిస్తున్నారు. సినిమా అయ్యాక తీసినవాళ్ల పేర్లన్నీ పైకి వెళ్లిపోయేదాకా ఎక్కడో నక్కి ఉండి, నిమిషంన్నర కనిపించి మాయమయ్యే తమరి జోలికి మాత్రం ఎవరూ రావడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఉత్తరం.

తమరి వంశంలో పెద్దమనుషులు లేకపోలేదు. 1986 నాటి 'ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్' చివర కథానాయకుడు మళ్లీ తెర మీదకు వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నారా, అయిపోయింది, ఇళ్లకు వెళ్లండని ప్రేక్షకులను సాగనంపాడు. వచ్చిన అతిథిని వేళకు ఇంటికి పంపించే సంస్కారం అది. 2008లో 'ఐరన్ మ్యాన్' చివర శామ్యూల్ జాక్సన్ కంటికి నల్లపట్టీ కట్టుకుని చీకట్లోంచి వచ్చి అవెంజర్స్ అనే వీరుల దండు గురించి చెవిన వేసినప్పుడు కూడా మాకు అభ్యంతరం లేదు. అడగని కొసరు దొరికితే కాదనే తెలుగువాడు ఎక్కడుంటాడు?

2012లో వచ్చిన 'అవెంజర్స్' దగ్గర తమరి ముందు రెండు దారులు నిలిచాయి. పేర్ల మధ్యలో థానోస్ అనే విలన్ మొహం తిప్పి నవ్వాడు. అంటే ముందుంది ముసళ్ల పండగ అని కబురు. పేర్లన్నీ అయ్యాక, ఆ సినిమా తొలి ప్రదర్శన కూడా జరిగిపోయిన తరువాత హడావుడిగా చిత్రించి అతికించిన ఇంకో ముక్కలో, న్యూయార్కును కాపాడి ఒళ్లు హూనమైన ఆరుగురు వీరులు ఒక చిన్న హోటల్లో కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా షవర్మా తిన్నారు. అర్ధరాత్రి టోలిచౌకిలో షవర్మా కోసం నిలబడే ఊరివాళ్లం గనుక, ఆ నమలడంలో ఉన్న అలసట మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. వచ్చే సినిమా గురించి అందులో ఒక్క ముక్క లేదు. అంతటి షవర్మాను పక్కన పెట్టి తమరు థానోస్ నవ్వునే వ్యాపారంగా ఎంచుకున్నారు.

మా ఊరి మల్టీప్లెక్సులో తమరి దర్శనం ఎలా జరుగుతుందో తమరు చూసి ఉండరు కాబట్టి మనవి చేసుకుంటాను. కథ ముగియగానే పక్క దీపాలు వెలుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి. చీపుళ్లు, చేటలు, నల్ల సంచులు పట్టుకుని ముగ్గురు నలుగురు సిబ్బంది గోడవారగా వచ్చి నిలబడతారు. వాళ్లకు తరువాతి ఆట లోపు ఆ కుర్చీలన్నింటి కింద పాప్‌కార్న్ ఏరే పని ఉంది. మేము లేవము, మమ్మల్ని లెమ్మని వాళ్లు అనలేరు. వెనక వరుసలో ఒకాయన ఫోనులో వెతికి, "ఒకటి కాదు, రెండున్నాయి" అని ప్రకటిస్తాడు. ఆ మాటతో, లేచి చున్నీ సర్దుకుంటున్న ఇల్లాలు మళ్లీ కూలబడుతుంది. నిద్రపోతున్న పిల్లవాడిని భుజాన వేసుకుని మెట్ల మీదే నిలబడిపోయిన తండ్రి, ఆఖరి మెట్రో దాటిపోతే ఆటో అతను ఎంత అడుగుతాడోనని లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. సుమారు పది నిమిషాల ఈ తపస్సు ఫలించి తెర వెలిగితే, మనకు తెలియని ఒక నటుడు, మనకు తెలియని ఒక గ్రహం మీద నిలబడి, మనకు తెలియని ఒక పేరు పలుకుతాడు. మూడు వరుసల అవతల ఒక కుర్రాడు మాత్రం కేక వేస్తాడు. బయటికి నడుస్తూ అందరం ఆ కుర్రాడి చుట్టూ చేరి, బాబూ ఎవరాయన అని అడుగుతాం.

ఇంత బాధలోనూ తమరి వల్ల ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. తమరి కోసం ఎదురుచూస్తూ మేము పేర్లు చదవడం నేర్చుకున్నాం. గ్రాఫిక్స్ విభాగం దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు చీమలంతవుతాయి, వరుసలు నాలుగైదవుతాయి, వాటి మధ్య అకస్మాత్తుగా ఒక రెడ్డి, ఒక రావు, ఇద్దరు కుమార్‌లు తగులుతారు. కూలుతున్న భవనాన్ని ఒక్కొక్క ఇటుకగా కూల్చింది మనవాడే అయ్యుంటాడన్న ఊహ, నిజం చెప్పాలంటే, చాలాసార్లు తమరి దర్శనం కంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది. తమరు మాట ఇచ్చుకుంటూ పోయిన సినిమాలన్నింటినీ గడువులోపు తయారుచేయాల్సి వచ్చింది ఆ చీమల అక్షరాలవాళ్లే. 2023 సెప్టెంబరులో ఈ అవెంజర్స్ సినిమాలు తీసే మార్వెల్ సంస్థలోని గ్రాఫిక్స్ ఉద్యోగులు యూనియన్ పెట్టుకుంటామని ఏకగ్రీవంగా ఓటు వేశారంటే, మొహం మొత్తినవాళ్లు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది.

ఇక తమరి వ్యాపారం సంగతి. చిట్టీ వేయడమంటే తెలుగువాడికి విడిగా చెప్పనక్కరలేదు. నెలనెలా వాయిదా కడతాం, పాట రోజున మన వంతు వస్తుందని ఆశపడతాం, నిర్వాహకుడు తలుపుకు తాళం వేసి ఊరు దాటాడన్న వార్త ఎక్కడో ఒకచోట ఏటా వింటూనే మళ్లీ కడతాం. తమరు నడుపుతున్నది అదే. ప్రతి సినిమా ఒక వాయిదా, ప్రతి చివరి సన్నివేశం ఒక రసీదు. మా దగ్గర ఉన్న రసీదుల్లో కొన్ని చిత్తగించండి. 2021లో 'ఎటర్నల్స్' చివర పాప్ గాయకుడు హ్యారీ స్టైల్స్ థానోస్ తమ్ముడినంటూ దిగాడు. అదే సినిమా ఆఖర్న బ్లేడ్ అనే వీరుడి గొంతు వినిపించారు, ఆ బ్లేడ్ సినిమాను 2019లోనే ప్రకటించారు. 2022లో 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో సినిమా చివర చార్లీజ్ థెరాన్ ఊదారంగు దుస్తుల్లో వచ్చి ఆకాశాన్ని కోసి దారి చేసింది. 2025 ముగిసినా ఈ ముగ్గురిలో ఒక్కరి వాయిదా సొమ్ము కూడా మా చేతికి రాలేదు. 2023 ఫిబ్రవరిలో 'యాంట్ మ్యాన్' మూడో సినిమా చివర కాంగ్ అనే విలన్‌ను ఒకే ముఖంతో వేలాదిగా ఒక ప్రాంగణంలో కూర్చోబెట్టి చూపించారు. ఆ ఏడాది డిసెంబరులో ఆ నటుడు కోర్టులో దోషిగా తేలాడు, సంస్థ అతన్ని తప్పించింది, వేలాది మంది విలన్లు మూకుమ్మడిగా అదృశ్యమయ్యారు.

ఎదుటి వీధిలో మార్వెల్‌కు పోటీగా నడిచే డీసీ దుకాణం ఇంకా ఘనమైనది. 2022 అక్టోబరులో 'బ్లాక్ ఆడమ్' చివర హెన్రీ కావిల్‌ను సూపర్‌మ్యాన్ వేషంలో పొగమంచులోంచి నడిపించుకొచ్చి ఈలలు వేయించారు. రెండు నెలలు తిరక్కుండా డిసెంబరులో తాను ఇక ఆ పాత్ర చేయడం లేదని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. వచ్చినంత సేపు పట్టలేదు, వెళ్లడానికి.

తమరికి సిగ్గు లేదని నేను అనడం లేదు. 2017లో 'స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్' చివర కెప్టెన్ అమెరికాను నిలబెట్టి, ఓపిక పట్టడం గొప్ప గుణమే గాని, ఒక్కోసారి ఇంతసేపు ఆగింది ఇందుకా అనిపిస్తుందని మాకే పాఠం చెప్పించారు. వాయిదా కట్టించుకుంటూ కట్టినవాడినే వెక్కిరించే ధైర్యం మన దగ్గరి చిట్టీల నిర్వాహకులకు ఇంకా రాలేదు.

అసలు జనానికి మొహం మొత్తిందా అన్న ప్రశ్నకు నా సమాధానం 2019 ఏప్రిల్‌లోనే ఉంది. 'ఎండ్‌గేమ్' చివర తమరు లేరు. ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు తప్ప తెర మీద ఏమీ రాలేదు. థానోస్‌కు తెలుగులో రానా గొంతు ఇవ్వగా చూసినవాళ్లు, ఇంగ్లీషులో చూసినవాళ్లు, ఏడ్చినవాళ్లు ఏడ్చి, లెక్క తీరిందన్న తృప్తితో బయటికి నడిచారు. పదకొండేళ్ల చిట్టీ ఆ రోజు ముగిసింది, సొమ్ము ముట్టింది. ప్రపంచమంతటా కలిపి సుమారు 280 కోట్ల డాలర్లు వసూలైన ఆ సినిమా మరునాడే తమరు కొత్త చిట్టీ తెరిచారు. ఈసారి వాయిదాలు థియేటర్లో మాత్రమే కాదు, ఇంట్లో టీవీ ముందు కూడా కట్టాలన్నారు. 2023 నవంబరులో వచ్చిన 'ది మార్వెల్స్' అర్థం కావాలంటే 2019 నాటి ఒక సినిమా, 2021 నాటి ఒక సిరీస్, 2022 నాటి మరో సిరీస్ చూసి ఉండాలి. టికెట్టు కొన్నవాడికి పరీక్ష సిలబస్ కూడా అంటగట్టారన్నమాట. ఆ సినిమా సుమారు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయి, మార్వెల్ వరుసలో అన్నింటికంటే తక్కువ వసూలు చేసినదిగా మిగిలింది. సంఖ్య పెరిగి దృష్టి చెదిరిందని మార్వెల్ యజమాని సంస్థ డిస్నీకి అప్పటి అధిపతి బాబ్ ఐగర్ ఒప్పుకుని, ఏడాదికి రెండు, మహా అయితే మూడు సినిమాలే తీస్తామన్నారు. తమరి పేరు మాత్రం ఆయన కూడా ఎత్తలేదు.

శక్తులున్న మనిషి అంటే మాకు విసుగు ఎందుకుంటుంది? మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు గద పట్టుకుని ఇంతై అంతైనప్పుడు మా తాతలు చప్పట్లు కొట్టారు. 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్ మ్యాన్' అన్న పేరుతోనే సినిమా చేశారు. 2021 డిసెంబరులో 'పుష్ప' విడుదలకు ఒకరోజు ముందు స్పైడర్‌మ్యాన్ దిగితే, ఈ ఊళ్లో రెండింటికీ టికెట్లు దొరకలేదు. 2024 సంక్రాంతికి థియేటర్లు చాలక ఇబ్బంది పడిన 'హనుమాన్' ఆ పండగ పందెంలో పెద్ద హీరోలను దాటిపోయింది. 2025లో మలయాళం నుంచి 'కొత్త లోక'గా వచ్చిన యక్షిణి కథను, అందులో ఒక్క పాత్ర కూడా ముందు తెలియకపోయినా, కూర్చుని చూశాం. మొహం మొత్తింది వీరుల మీద కాదు, రసీదుల మీద.

ఇంతకూ ఈ ఉత్తరం రాయాలని గట్టిగా అనిపించింది తమరి ఫిలింనగర్ బ్రాంచి చూశాకే. 2015 జులైలో కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న మా మెడకు చుట్టి పంపించారు. 2017 ఏప్రిల్ 28న జవాబు చెప్పారు. వాయిదాకు సొమ్ము ముట్టింది గనుక ఆ అప్పును ఎవరూ తప్పుపట్టరు. తరువాత వచ్చినవాళ్లు అప్పు చేయడం నేర్చుకున్నారు గాని తీర్చడం నేర్చుకోలేదు. 'హనుమాన్' చివర, తరువాతి భాగం 2025లో అని తెర మీద రాసి చూపించారు. ఆ ఏడాది వచ్చింది, వెళ్లింది, ఆంజనేయస్వామి రాలేదు. 'కల్కి 2898 ఏడీ' చివర కమల్ హాసన్ విలన్‌గా లేచి నిలబడ్డారు. 2025 సెప్టెంబరులో, కడుపులో కల్కిని మోస్తున్న తల్లి పాత్రధారిణి రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థే ప్రకటించింది. ఇప్పుడు ఆ బిడ్డ ఎవరి కడుపున పుడతాడన్నది పురాణాలకే కొత్త ప్రశ్న. పోనీ శక్తులున్న కథలకే పరిమితమయ్యారా అంటే, ఎర్రచందనం దుంగలు మోసేవాడి కథకు కూడా మూడో భాగం ఉందని రెండో భాగం చివర బాంబు పేల్చి చెప్పారు. మనవాళ్ల సినిమాలు 'శుభం' అన్న కార్డుతో ముగిసేవని చెబితే ఈ తరం పిల్లలు నమ్మరేమో.

కాబట్టి తమరిని రద్దు చేయమని అడగడం లేదు. షవర్మా దారిలోకి మళ్లమని మాత్రమే వేడుకుంటున్నాను. ఆ దారి మూసుకుపోలేదని 2025 జులైలో వచ్చిన 'సూపర్‌మ్యాన్' చూపించింది. దాని ఆఖరి ముక్కలో సూపర్‌మ్యాన్, చీలిన నగరాన్ని మళ్లీ అతికించిన స్నేహితుడి పక్కన నిలబడి, ఆ భవనం రెండు ముక్కలూ సరిగ్గా కలవలేదేమోనని గొణిగాడు. ఆ స్నేహితుడు అలిగి వెళ్లిపోయాడు. కొత్త ఇంటి గోడ వంకరగా ఉందని మేస్త్రీతో అని చూసినవాడెవడైనా ఆ అలక గుర్తుపడతాడు. అందులో వచ్చే సినిమా లేదు, రసీదు లేదు, ఎవరినీ ఎవరాయన అని అడగనక్కరలేదు.

2026 డిసెంబరు 18న వస్తుందని ప్రకటించిన 'అవెంజర్స్: డూమ్స్‌డే'లో ఐరన్ మ్యాన్‌గా చనిపోయిన రాబర్ట్ డౌనీ జూనియరే డాక్టర్ డూమ్ అనే విలన్‌గా తిరిగి వస్తున్నాడు కాబట్టి, పాత ఖాతాదారులను మళ్లీ పిలిచే ప్రయత్నం గట్టిగానే ఉందని అర్థమవుతోంది. నేనూ వెళతాను, 295 రూపాయల టికెట్టు, పైన త్రీడీ కళ్లజోడు అద్దె కట్టి వెళతాను. కథ అయ్యాక చీమల అక్షరాల్లోని రెడ్లను, రావులను ఆఖరి వరుస దాకా చదువుతాను. సరిగ్గా తమరు తెర మీదకు వచ్చే వేళకు లేచి, చీపురు పట్టుకుని నిలబడ్డవారికి దారి ఇస్తూ బయటికి నడుస్తాను. ఆ సమయంలో నా తల తమరికి అడ్డు వస్తే మన్నించగలరు.

ఇట్లు,
వాయిదాలు బాకీ లేకుండా కట్టిన ఒక ఖాతాదారుడు,
హైదరాబాదు.