యనాచెక్ ఆలస్యానికి అసలు కారణం

చెక్ సంగీతకర్త లియోష్ యనాచెక్ గురించి మీరు రాసిన వ్యాసం హాయిగా చదివించింది. కానీ యనాచెక్‌కి పేరు ఆలస్యంగా రావడానికి ఆయన సంగీతం కాలానికి ముందుండటమే కారణమన్నారు, అక్కడ సగమే ఒప్పుకుంటాను. ఆయన ‘యెనూఫా’ ఒపెరాను (పాటలతో నడిచే నాటకాన్ని) 1904లో బ్ర్నో నగరంలో ఆడితే బాగానే ఆదరించారు. ప్రాగ్‌లోని నేషనల్ థియేటర్ మాత్రం 1916 దాకా తలుపు తీయలేదు. అక్కడి ఒపెరా విభాగానికి పెద్ద అయిన కొవర్‌జొవిట్స్ రాసిన ఒపెరాను యనాచెక్ ఎప్పుడో పత్రికలో చీల్చి చెండాడాడు. కొవర్‌జొవిట్స్ దాన్ని మర్చిపోతాడా! చివరికి ఒప్పుకున్నా, వాద్యభాగాన్ని తన చేత్తో మార్చి మరీ ఆడించాడు. అప్పటికి యనాచెక్‌కి 61 ఏళ్లు.

ఇంకో మాట. మనుషులు మాట్లాడేటప్పుడు గొంతులో పలికే రాగాన్ని ఆయన స్వరాల్లో రాసుకునేవాడని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకైతే మనిషంతా అక్కడే ఉన్నాడు. సంతలో బేరాలు, దారిన పోయేవాళ్ల పలకరింపులు, అన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కేవి. 1903లో కూతురు ఓల్గా ఇరవై ఏళ్లకే చనిపోతుంటే, ఆ పిల్ల చివరి మాటల్ని కూడా అలాగే రాసుకున్నాడు. మొదటిసారి తెలిసినప్పుడు ఇదేం తండ్రి అనుకున్నాను. ‘యెనూఫా’ను ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చాడని తెలిశాక కోపం పోయింది, గుండె బరువు మాత్రం పోలేదు.

ఆయన మనసుపడ్డ కమిలా స్టోస్లోవాకు రాసిన ఏడు వందల పైచిలుకు ఉత్తరాల గురించి మూడు పేరాలు అవసరమా? ఆ చోటు పత్రికలో వచ్చిన బొమ్మల కథలోంచి పుట్టిన నక్క ఒపెరా ‘ద కన్నింగ్ లిటిల్ విక్సెన్’కి ఇచ్చుంటే బాగుండేది. 1924 నాటిది, ఆయన డెబ్భయ్యో ఏట వచ్చింది. కొత్తగా వినేవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి.